సిలార్ గారి మాదిరి నిశ్శబ్దం

1998వ సంవత్సరం జూలై ఒకటవ తేదీన నందిగామలోని మన శ్రవణ గ్రంథ కేంద్రంలో ధ్వనిముద్రణ సహాయకులుగా చేరిన శ్రీ షేక్ సిలార్ గారు, సుదీర్ఘమైన, నిష్కళంకమైన సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను చదివి వినిపించే ఈ సంస్థలో గొంతులు మావి, చెవులు సిలార్ గారివి. చదివినవారి పేరు ప్రతి పుస్తకం మొదట్లోనూ వినబడుతుంది. దానిని వినదగినదిగా తీర్చిదిద్దిన వారి పేరు ఎక్కడా వినబడదు. ఆ లోటును ఈ ప్రత్యేక సంచికలోనైనా పూడ్చవలసిన బాధ్యతను, వారి చేత అందరికంటే ఎక్కువ చీవాట్లు తిన్న పాఠకురాలినని కాబోలు, నాకు అప్పగించారు.

క్యాసెట్ల కాలంలో వారు జగ్గయ్యపేట నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి, రికార్డరు హెడ్డును స్పిరిటు దూదితో తుడిచి, మేము వచ్చేసరికి అద్దం అవతల తమ కుర్చీలో సిద్ధంగా ఉండేవారు. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. టేపు బుసకొట్టడం మానింది గాని, దాని బదులు టిక్కులు, టప్పులు మొదలయ్యాయి. ఏ టిక్కు వదులైన వైరుది, ఏది చదివేవారి ఎండిన నాలుకది, ఏది కంప్యూటరు శక్తికి మించిన పనులు నెత్తిన వేసుకుని తడబడినప్పటిది అన్న వివేచనను వారు స్వయంకృషితో అలవరచుకున్నారు. మా చేత మంచినీళ్ళు తాగించి "ఇంకోసారి చదవండి" అనడంలో వారికి చిన్నా పెద్దా తేడా ఉండేది కాదు. మాకు ఒళ్ళు మండేది. కాని ఆ పాఠాలు విని పరీక్షలు నెగ్గిన పిల్లలు కేంద్రానికి వచ్చినప్పుడు, ఆ ప్రశంసలన్నీ మేమే పుచ్చుకునేవాళ్ళం.

కరోనా వచ్చిన ఏడాది నుంచి పాఠకులందరం ఇళ్ళలోనే చదివి ఫైళ్ళు పంపే పద్ధతి స్థిరపడింది. మాకది సౌకర్యమైంది. సిలార్ గారికి మాత్రం అద్దం ఇవతల మనుషులు లేకుండా పోయారు. అయినా రోజూ వచ్చి, ఖాళీ గది ముందు అదే కుర్చీలో కూర్చుని, మా ఫైళ్ళలోని టిక్కులను ఏరుతూ ఉండేవారు. మాతో వారికి మిగిలిన బంధమల్లా ఫోను. "ఫ్యాను ఆపారా అండి? కుక్కరు దించారా? పిల్లల్ని అవతలి గదిలోకి పంపారా?" ఆ తరువాత, "కాసేపు ఊరకే ఉండండి" అనేవారు. చదివే ముందు గదిలోని నిశ్శబ్దాన్ని కొంత రికార్డు చేస్తే, వెనుక ఉండే రొదను తీసివేయడానికి అది వారికి ఆధారం. మా ఇళ్ళ నిశ్శబ్దాలు వారికి ఒక పట్టాన నచ్చేవి కావు. చివరికి ఒక ఫైలు తయారుచేసి, "ఇదుగోండి, మాదిరి నిశ్శబ్దం. ఇట్టా ఉండాలి" అంటూ అందరికీ పంపారు. ఏమీ లేనిదాన్ని ఇంత శ్రద్ధగా పంపిన మనిషిని తానెక్కడా చూడలేదని తోటి పాఠకులు బెన్ని గారు అంటే అందరం నవ్వుకున్నాం.

నిరుడు మొక్కజొన్న కంకి పట్టే రోజుల్లో, పదవ తరగతి పరీక్షలు దగ్గరపడిన వేళ, నా భౌతికశాస్త్ర పాఠాల నిండా టిక్కులు పడ్డాయి. వారు ఫోనులో చెప్పినట్టే వైరు మార్చాను, చార్జరు పీకేశాను, కంప్యూటరు తడబడకుండా ధ్వనిని కాస్త నిలవ ఉంచుకునే బఫర్ పెంచాను, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేశాను. ఫలితం లేదు.

"బఫర్ చాలకపోతే ఇష్టమొచ్చినట్టు పడతాయండి. ఇది తాళం వేసినట్టు పడతంది. నేనే వస్తన్నా" అన్నారు.

ఊరి చివర ఉన్న మా ఇంటికి వచ్చి, హెడ్‌ఫోను పెట్టుకుని విని, వరండాలోకి నడిచి, రోడ్డు అవతలి చేను చుట్టూ కట్టిన సన్నని తీగను చూశారు. "ఝటకా మిషనండి. పందులకి పెట్టారు, మీ పాఠానికి కొడతంది." కరెంటు ఆగి ఆగి కొట్టే ఆ కంచెను రైతు కిషోర్‌బాబు గారు పగలు కూడా ఆపడం మరిచిపోయారట. ఆపించగానే టిక్కులు పోయాయి. పాఠాలు సకాలంలో పిల్లలకు చేరాయి.

వెళ్ళబోతుంటే మా అత్తగారు రత్తమ్మ గారు ఊరుకోలేదు. "ఇంత దూరం వచ్చి తినకుండా పోతావా నాయనా?" అని దోసకాయ పప్పు వడ్డించారు. రికార్డింగు కోసం ఆపిన ఫ్యానును వేశాను; చప్పుడు వారికి ఇబ్బందేమోనని మళ్ళీ ఆపబోయాను. "ఉండనివ్వండి" అన్నారు సిలార్ గారు. "గిన్నెలు, ఫ్యాను, మాటలు... బాగుందండి."

ఆ మాదిరి నిశ్శబ్దం ఎక్కడ రికార్డు చేశారని అడిగాను.

"మా ఇంట్లోనేనండి. పట్టపగలు."

"మరి మీరు ఫ్యాను ఆపారా?" అని ఎకసెక్కమాడాను.

"ఆపటానికేం లేదండి. మా ఆవిడ షమా పోయాక మా ఇంట్లో ఏదీ ఆపక్కర్లా" అని, మజ్జిగ పోయించుకున్నారు.

వారు వెళ్ళాక ఆ ఫైలును హెడ్‌ఫోనుతో మొదటిసారి పూర్తిగా విన్నాను. గ్లాసు పెట్టిన చప్పుడు లేదు, తలుపు లేదు, దగ్గు లేదు. అన్నేళ్ళు మా ఇళ్ళన్నీ అలా ఉండాలని మేము ప్రయత్నించాం. నాకు ఏడుపు వచ్చింది.

వచ్చే నెల నుంచి టిక్కులను తనంతట తానే తీసివేసే సాఫ్ట్‌వేరు మన కేంద్రానికి వస్తున్నది. ఇక మాకు ఫోను చేయడానికి సిలార్ గారికి కారణం ఉండదు. కారణం లేకుండా ఫోను చేసే అలవాటు వారికి లేదు. ఈ సంతోష సమయంలో మమ్మల్ని బాధిస్తున్నది అదొక్కటే. కనుక శాలువా, జ్ఞాపికలతో పాటు మరొకటి కూడా సవినయంగా మనవి చేస్తున్నాము. కారణం మేమే చూసుకుంటాము. ఆదివారాలు వంతులవారీగా పిల్లాజెల్లాతో, క్యారేజీలతో జగ్గయ్యపేట వస్తాము. మీరూ మా ఇళ్ళకు రావాలి. మేము ఫ్యాను ఆపము, కుక్కరు దించము.

సిలార్ గారూ, మీ చెవులు ఇంతే చురుకుగా, ఒళ్ళు ఆరోగ్యంగా, ఆయుష్షు నిండుగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. ఎప్పుడైనా సరదాకు మీ ఇంట్లో మాదిరి నిశ్శబ్దం మళ్ళీ రికార్డు చేయబోతే, అది పనికిరాకుండా పోవుగాక.

— కృష్ణప్రియ, పాఠకురాలు