ప్రాగ్‌లో పంటు

అభాలో ఒక సౌదీ ఇంటి ప్రహరీ లోపల, శుక్రవారం పొద్దున. క్యాంపర్ వ్యాను పక్కన ఇద్దరు: దాన్ని కొనుక్కున్న ఇంజినీరు బాపిరాజు, ఆ ఇంట్లో పనిచేసే జయమ్మ.

"తలుపు తియ్యకండి రాజుగారూ! లోపల పెద్దమ్మగారున్నారు."

"పెద్దమ్మగారా? వ్యాను ఖాళీ చేసి ఉంచానని నాసర్ చెప్పాడే. తాళాలు కూడా ఇచ్చాడు."

"బాబుగారు అలాగే అంటారండి. వాళ్లమ్మగారు ఇందులోనే ఉంటారని చెప్పలేదా?"

"ఇందులోనా? ఇంత ఇల్లు పెట్టుకుని?"

"పొద్దున్నే ఎక్కేస్తారండి. ఇంక పడుకోడానికే దిగడం. కాస్త నెమ్మదిగా మాట్లాడండి, కిటికీ తీసుంది."

"ఆవిడకి తెలుగు రాదు కదమ్మా."

"గొంతు వినపడుద్ది కదండి. మగ గొంతు వింటే బాబా వచ్చారనుకుంటారు."

"బాబా అంటే?"

"ఆవిడ భర్తగారండి. ఇక్కడ పెద్దాయన్ని బాబా అనే పిలవాలి. నన్నేమో జమీలా అంటారు. జయమ్మ అంటే నోరు తిరగదంట."

"ఆయనెక్కడున్నారు?"

"పోయారండి. ఈ బండిలోనే కదా ఊళ్లన్నీ తిరిగింది. బాబా, అమ్మగారు, నాసర్ బాబు, నేను. పారిస్సు, వియన్నా, ఇంకా ఏంటో... ప్రాగ్‌లో వంతెన చూసొస్తానని దిగారు. బండి ఇక్కడే ఉంచండి, కదిపితే నాకు దారి తెలీదు అన్నారు. అంతేనండి. ఆ వంతెన మీదే కూలిపోయారంట."

"అయ్యో."

"బండి ఇంటికొచ్చేసినా, దీన్ని కదిపితే బాబా రాలేరనే అమ్మగారి బెంగ. మీరేమో కదపడానికే వచ్చారు."

"ఆదివారానికి జెడ్డాలో ఓడ ఎక్కించాలమ్మా దీన్ని."

"ఇంకో ఓడ ఉండదాండి?"

"ఓడ ఉంటుంది, నేనుండను. నెలాఖరుకి ఉద్యోగం అయిపోతుంది. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కూడా దాంతోనే సరి."

"మీరూ ఆ ఊళ్లేనా ఎల్లేది?"

"ఆ ఊళ్లే. మా సుభద్ర ఇండియన్ స్కూల్లో చరిత్ర చెప్పేది. టొలేడో, వియన్నా, ప్రాగ్... ఏ ఊళ్లో ఏ వీధి ఎన్నాళ్లదో అంతా నోటికే. నేను రిటైరయ్యాక ఇలాంటి బండిలో వెళ్దామనుకున్నాం."

"మరి ఆవిడ రాలేదేం, బండి చూడ్డానికి?"

"పోయిందమ్మా. పోయినేడు."

"క్షమించండి బాబూ. తెలీక అడిగాను."

"ఫరవాలేదు. అడిగేవాళ్లు కూడా తగ్గిపోయారు. ఇంట్లో ఎంత చెవి పెట్టినా ఆవిడ గొంతు గుర్తుకు రావడం లేదు. ఆ ఊళ్లకి పోతే వినపడుతుందేమోనని, అంతే."

"అక్కడ కూచోకండి! ఆ ముందు సీటు బాబాది, ఎవరూ కూచోరు."

"కూర్చోలేదు, అద్దం చూస్తున్నానంతే."

"నాకూ భయమేనండి. ఎవరూ లేకపోయినా ఒక్కోసారి కిర్రుమంటది ఆ సీటు."

"ఎండకి ఇనుము సాగుతుందమ్మా."

"మబ్బేసిన రోజు కూడా అంటదండి."

"...మరి రోజంతా లోపల కూర్చుని ఏం చేస్తారావిడ?"

"ప్రయాణమండి. కర్టెన్ తీయగానే, ఇవాళ ఏ ఊరు జమీలా అంటారు. నేను చెప్పాలి. ఇవాళ ప్రాగ్ వచ్చేశామమ్మా, అదిగో నది, అదిగో పంటు వస్తంది, దాని మీద మోటారు సైకిళ్లు, మేకలు..."

"ప్రాగ్‌లో మేకలా?"

"ఉండవాండి?"

"మేకల్నీ మోటారు సైకిళ్లనీ పంటెక్కించి దాటించేది నరసాపురం రేవులో కదమ్మా!"

"నేను సరిగ్గా చూసిన నది అదొక్కటే కదండి."

"నువ్వూ వెళ్లానన్నావు?"

"ఎల్లానండి. దిగలేదు. ఎక్కడాగినా బండికి కాపలా, అమ్మగారి కాళ్లు పట్టడం. వియన్నాలో నేను చూసింది చెత్తడబ్బాలు, పక్క బండివాళ్ల కుక్క. కుక్క మాత్రం మంచిదండి."

"హహ్హ..."

"నవ్వకండి. కుక్క గురించే ఎన్ని రోజులు చెప్పను? అందుకని వియన్నాలో మా సంత పెట్టేశాను. పారిస్‌లో కొబ్బరి దింపు. అమ్మగారు బుగ్గన చెయ్యేసుకుని వింటారు. వింటూనే అన్నం తింటారు. వినకపోతే తినరండి."

"సుభద్ర ఉంటే నీకు సున్నా వేసేది. ...లేదులే, వేసేది కాదు. కూర్చోబెట్టి ఇంకా చెప్పమనేది."

"మంచావిడండి."

"నరసాపురంలో మీ ఆయన ఉంటాడా?"

"ఆ మెట్టు చూసుకోండి, ఊగుద్ది."

"ఇంటికెళ్లి ఎన్నాళ్లయింది?"

"అమ్మగారిని వదిలేసి ఎలా ఎల్తానండి?"

"దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం ఇవ్వనంటున్నాడా నాసర్?"

"ఇస్తాననే అంటారు. నేనే వద్దంటన్నాను."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏం చెప్పనండి... ఏ ఊరని అడిగితే చెప్పేదెవరు? రాజుగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ బండి కదిలితే ఆవిడ ముద్ద ముట్టరు. ఆవిడకేవన్నా అయితే నేను బతకలేను."

"ఏడవకు."

"ఏడవట్లేదండి. నాకు ఏడుపు రాదు."

"సరేనమ్మా. కదపొద్దు. పోయినాయన అడిగింది అదొక్కటే కదా, బండి కదపొద్దని. నాసర్‌తో నేను మాట్లాడతాను. ఇవిగో తాళాలు."

"నిజంగానాండి? మరి మీ ఊళ్లు?"

"నీ వియన్నాలాగే, చూడకుండానే అయ్యాయనుకుంటాను."

"జమీలా! ఎవరే అక్కడ? వ్యాను కొన్నాయనేనా?"

"అదిగోండి, వినేశారు. అమ్మగారూ, ఎవరూ లేరండి, ఎవరో కరెంటాయన..."

"ఆగమ్మా, నాకూ అరబ్బీ వచ్చు. అవునమ్మా, కొన్నది నేనే. కానీ తీసుకెళ్లడం లేదు, మీరేం కంగారు పడకండి."

"తాళాలు తిరిగి ఇవ్వకు బాబూ. దీన్ని అమ్మెయ్యమని నాసర్‌కి చెప్పింది నేనే."

"అమ్మగారూ! అదేం మాటండి! బాబా వస్తే బండి కనపడొద్దూ?"

"రారు జమీలా. ప్రాగ్‌లో ఆయన మీద మట్టి కప్పి వచ్చి, నాసర్ నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. మరిచిపోతానా?"

"మరి... మరి పొద్దున్న ఇవాళ ప్రాగ్ అన్నాను. ఊఁ అన్నారు కదండి."

"పూటపూటా మన వీధి మసీదులో అజాన్ వినపడుతుంటే ఇది ప్రాగ్ ఎలా అవుతుందే పిచ్చిదానా?"

"తెలిసే అడిగారా? ఇన్నాళ్లూ? ఎందుకండీ?"

"ఇంకెన్నాళ్లు అడగను? నేను ముసలిదాన్ని. ఈ వ్యాను ఇక్కడున్నంత కాలం నువ్వు మీ ఊరు వెళ్లవు. దీన్ని తీసుకెళ్లనీ."

"ఎందుకు అడిగారో చెప్పండమ్మా."

"మనం తిరిగొచ్చిన వారంలోనే నీ భర్త పోయాడని నీకు ఫోనొచ్చింది. నాకు ఏడవడానికి ఇల్లంతా ఉంది, ఓదార్చడానికి చుట్టాలున్నారు. నువ్వు గిన్నెలు కడుగుతూ ఉండిపోయావు. మాట లేదు, తిండి లేదు. ఓ పూట నాకు నిజంగానే మతి తప్పి, ఇది ఏ ఊరని అడిగాను. నువ్వు నోరు విప్పావు. ఏదో నది గురించి చెబుతూ చెబుతూ, నీకు తెలియకుండానే నా పళ్లెంలోంచి నాలుగు ముద్దలు తిన్నావు. అందుకని మర్నాడు కూడా అడిగాను."