నజీమా గారు దాచిన నాచు

1990 జూలై పదహారో తేదీన శ్రీమతి నజీమా బేగం గారు విజయవాడలోని మన నాచు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరారు. డెల్టా వరిపొలాల నీళ్ళలో పెరిగే నాచులను సేకరించి, ద్రవ నత్రజని చలిలో ఏళ్ళ తరబడి చెడకుండా భద్రపరిచే బాధ్యతను, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న వారే ఇన్నేళ్ళూ ఏకాగ్రతతో నిర్వహించారు.

తొలినాళ్ళలో వారికి శుద్ధి అంటే ప్రాణం. నాచును అంటిపెట్టుకుని ఉండే బ్యాక్టీరియాను పూర్తిగా తొలగించాకే గడ్డకట్టించాలన్నది అప్పటి నియమం. ఆ విషయంలో వారికి ముక్కు మీద కోపం. 1994లో తోటి శాస్త్రవేత్త అఖిలేష్ గారి గొట్టాల్లో బ్యాక్టీరియా మిగిలిందని తేలినప్పుడు, అందరి ఎదుటా మందలించి వాటిని పారబోయించారు. ఆయన ఆ అవమానం దిగమింగుకోలేక ఉద్యోగం వదిలేసి, మైలవరంలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయారు. కొద్ది రోజులకే నజీమా గారి గొట్టాల్లోనూ అదే బ్యాక్టీరియా కనిపించింది. అన్ని మాటలు అన్నాక, తనవి నలుగురి ముందూ పారేయడానికి ముఖం చెల్లక, వాటిని నత్రజని డబ్బా అడుగున దాచేశారు.

2004లో కూచిపూడి దగ్గరి రైతు మాణిక్యమ్మ గారు, ఒకప్పుడు తమ వరికి ఎరువుగా పనికొచ్చిన పాత నాచు కావాలని వచ్చారు. అది దొరికిన పొలాలు అప్పటికే చేపల చెరువులైపోయాయి. శుద్ధి చేసిన గొట్టాలన్నీ కరిగించి చూస్తే ఒక్కటీ పచ్చబడలేదు. గత్యంతరం లేక నజీమా గారు డబ్బా అడుగున పదేళ్ళుగా దాచిన అదే నాచు గొట్టాలు తీశారు. వారం తిరిగేసరికి అవి పచ్చగా లేచాయి. తోడున్న బ్యాక్టీరియాయే నాచును తిరిగి బతికించిందని పరీక్షల్లో రుజువైంది. నాటి నుంచి రెంటినీ కలిపే నిలవచేయడం మన కేంద్రం పద్ధతి అయింది. వాటిని కావాలనే భద్రపరిచారనుకుని సంచాలకులు పూర్ణచంద్రరావు గారు నజీమా గారి ముందుచూపును కొనియాడి శాలువా కప్పారు. ఆ క్షణాన వారికి తల కొట్టేసినట్టయింది, కానీ నిజం చెప్పకుండానే ఆ శాలువాతో ఇంటికి వెళ్ళారు.

మన కేంద్రం పత్రిక ఈ సంచిక కోసం మేము ఆ ఘనతనే రాసి చూపించినప్పుడు, వారు ఆ కాగితం వెనక్కి ఇచ్చేశారు.

"ముందుచూపు కాదండీ, సిగ్గు. అఖిలేష్ గారివి సింకులో పోయించి, నావి దాచుకున్నాను. ఆయనకి అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇదే రాయండి. లేకపోతే నా ఫోటో కూడా వెయ్యొద్దు," అన్నారు.

వారి భర్త అష్ఫాక్ గారు తమ పిల్లలు చదువుతారని సంకోచించినా, నజీమా గారు మాట మార్చుకోలేదు. తన వీడ్కోలు సభకు రమ్మని అఖిలేష్ గారికి స్వయంగా ఫోన్ చేశారు. ఆయన వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆయన ఏనాడు వచ్చినా ఎదురుగా నిలబడి క్షమించమని అడగగలిగేటంత ఆరోగ్యాన్నీ, అందుకు ఎన్నేళ్ళు పట్టినా సరిపోయేటంత ఆయుష్షునూ భగవంతుడు నజీమా గారికి ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాం.