మామయ్యకి నచ్చని మెప్పు

ఏమన్నావే, కర్టెన్లు నైస్‌గా ఉన్నాయా? మా మేనమామ వినుంటే కర్టెన్లు వదిలేసి నిన్ను పట్టుకునేవాడు. బళ్లో ఇంగ్లీషు మాస్టారులే. ఏ మాట చెవిన పడినా దాని తాతముత్తాతల దాకా వెళ్లొచ్చేవాడు. "నైస్ అంటే వెనకటికి ఏమీ తెలీనివాడు, వట్టి మొద్దు అని అర్థం అక్కా. తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టేవాడన్నారు, ఆపైన నాజూకన్నారు, చివరికి 'బావుంది' దగ్గర ఆగింది" అని కంచం ముందు కూర్చుని పాఠం. మా అమ్మేమో, "మన దగ్గర నైస్ చేయడమంటే కాకా పట్టడంరా, ముందు తిను" అనేది.

ఎక్కడున్నాను? ఆఁ, మామయ్య దగ్గర. బడి పక్కనే పోస్టాఫీసు ఉండేది. అక్కడ కౌంటర్లో ఒకావిడ కూర్చునేది, నవ్వు బయటికి రానివ్వకుండా మాట్లాడే మనిషి. మామయ్య రోజూ బడి అవగానే వెళ్లి ఒక స్టాంపు కొనుక్కొచ్చేవాడు. ఉత్తరం రాసింది మాత్రం లేదు. ఓ సాయంత్రం వాన పట్టుకుంటే, తన గొడుగు ఆవిడ చేతిలో పెట్టి గబగబా నడిచొచ్చేశాడు. వెనకనుంచి ఆవిడ, "మీరు చాలా నైసండీ" అందట. ఇంకేముంది, తడిసి ముద్దై వచ్చి, "అక్కా, నన్ను మొద్దంది" అన్నాడు. మెచ్చుకుందిరా అంటే వినడే. పోస్టాఫీసు వైపు వెళ్లడమే మానేశాడు. తిండి సయించదు, పిల్లల మీద విసుగు. మా అమ్మకి బెంగ పట్టుకుంది.

అంతలో ఆవిడకి బదిలీ అయింది. గొడుగు ఇచ్చిపోదామని ఇంటికొచ్చింది. ఈ మహానుభావుడు లోపలికి రమ్మనకుండా, గుమ్మంలోనే నిలబెట్టి, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పాడు. ఆవిడ ఓపిగ్గా వింది. విని, "అయితే నేనన్నది ఆ మొదటి అర్థంలోనే లెండి. అంత పెద్ద గొడుగు, ఇద్దరికీ సరిపోయేది. మీకు తోచలేదు. ఇంకేమనమంటారు?" అంది.

మా అమ్మే లోపల్నుంచి వచ్చి, "కూర్చోమ్మా, కాఫీ పెడతాను" అంది. అలా కూర్చున్నావిడే మా అత్తయ్య. ఆవిడ ఉద్యోగం ఎటుపోతే మామయ్యా అటే వెళ్లి బడి వెతుక్కున్నాడు. ముసలివాళ్లయ్యాక కూడా, ఆవిడ దేన్ని నైస్ అన్నా, "ఏ అర్థంలో?" అనేవాడు. చెప్పేది కాదు, నవ్వేది. ఆయన పోయాక మరి ఆవిడ నోట ఆ మాటే వినలేదు...

ఆ కిటికీ కాస్త మూయవే, చలిగాలి కొడుతోంది.