గేటు మీద తమలపాకు

పెనుకొండలో చిన్నప్ప వెల్డింగు షాపు. పొద్దున్నే షట్టరు ఎత్తీ ఎత్తకముందే రంగప్ప వచ్చి మీద పడ్డాడు.

“మీ యమ్మ మునియమ్మ ఉండాదే, నన్ను వీధిన పడేసిందప్పా చిన్నప్పా!”

“కూచో రంగప్పన్నా. టీ చెప్పల్లనా?”

“టీ నీ నెత్తిన పోసుకో! స్కూటరు ఎస్టీడీ బూతు ముందర పెట్టి, నిచ్చెనేసుకోని, నా ఇంట్లోకి నేనే గోడ దూకి పోతాండా. గేటు తీద్దామంటే ఆడోళ్ళు కొట్టేకొస్తారు. నాగప్ప నిద్రపోతాండాడంట!”

“యా నాగప్ప?”

“ఏం తెలీనట్ల అడగొద్దు. నా గేటుకు చేసిపెట్టినావే, ఆ పాము!”

“పామెక్కడిదన్నా? అది తమలపాకు తీగె. నువ్వే గదా అంటివి, బెంగళూరు బంగళాల్లో మాదిరి ఆకులు, తీగెలు నాచురల్‌గా ఉండల్లని. కడ్డీ కాల్చి మెలిదిప్పినా. రేకు కోసినా. ఉలితో ఈనెలు దింపినా...”

“పైన ఆకును పడగ మాదిరి గుంతగా ఎందుకు కొట్టినావు?”

“లేతాకు గదా. అట్లనే ముడుచుకోని ఉంటాది.”

“ఆ లేతాకుకే మీ యమ్మ పసుపు పూసి, కుంకుమ పెట్టి, పాలు పోసింది. అంతే! ఊర్లో కోడిగుడ్లన్నీ నా గేటు కిందనే ఉండాయి.”

“మా వదిన కూడా వచ్చిందంట?”

“యా వదిన?”

“మీ యింటామె. రామాంజినమ్మ వదిన. అరటిపండ్లు పెట్టి మొక్కిందంట.”

“...దాని సంగతి ఎత్తొద్దు. లే, కట్టర్ తీసుకో. ఆ ఒక్క ఆకు కోసెయ్.”

“నా చేత్తోనా? పిల్లలు గలోణ్ణి.”

“నువ్వు చేసిన రేకుకు నువ్వే భయపడతావా?”

“చేసేటప్పుడు రేకు. ఇప్పుడు పసుపు పడిండాది. ఇదో, రంపం బ్లేడు. నువ్వే కోసుకో.”

“నేనా?”

“నీ గేటే గదా.”

“నాకు... నాకు భుజం నొప్పి.”

“ఓ. భుజం.”

“నవ్వొద్దు! నిన్న వీధిలోళ్ళు తాడు పట్టి కొలిచి, గుడికని ముగ్గు పోసిరి. గేటుతో పాటు నా జాగా పోతాంది!”

“నీ జాగానా?”

“మరి ఎవురిది?”

“గోడ కట్టేటప్పుడు మా కొట్టం పక్క గట్టు చెరిపి కలిపేసుకుంటివే. గేటు నిలబెట్టింది ఆడనే గదా. మా యమ్మ నీ కాళ్ళు పట్టుకున్నా వినకపోతివి.”

“ఇప్పుడు ఆ పాత రగడెందుకు? సరే, గోడ వెనక్కి కట్టుకుంటా. మీ జాగా మీరు తీసుకోండి. పసుపు కడగమని మీ యమ్మకు చెప్పు.”

“చెప్పినా. ‘వానికీ వద్దు, మనకూ వద్దు, నాగప్పకే ఉండనీ’ అంటాది.”

“మీకూ రాకుండా పోతే ఏం లాభమబ్బా?”

“నా కడుపుమంటా అదే. నాయన సంపాదించిన జాగా.”

“ముగ్గు యాడిదాకా పోయల్లనో వాళ్ళకు చూపిచ్చిందెవురు?”

“మా యమ్మే. పాత గట్టు యాడుండెనో కండ్లు మూసుకోని చెప్తాది.”

“అయితే... నాకు పోయేది ఎంత?”

“నువ్వు తిన్నంతే అన్నా. నాకు పోయినంతే. రెండుంపావు సెంట్లు.”