ఆ ఉప్పు వేసిన చెయ్యి

మన చర్చి గురువు అబూనా గారికి, పెద్దలకు, అబాదీర్ అన్న కూతురు దిమ్యానాకు, చేదు కాఫీ తాగేసి కూడా ఇంకా లేవకుండా కూర్చున్న మీ అందరికీ నా వందనాలు.

అబాదీర్ అన్న పోయి ఇవాళ్టికి నలభై రోజులు. ఆయన మంచివాడని నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. బాగా చెప్పారు. నేను అంత బాగా చెప్పలేను. ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను.

ఆయన్ని మనం ఏమని పిలిచేవాళ్లం? ఎవరూ సిగ్గుపడకండి, నేనే అంటాను. ఉప్పు అబాదీర్. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పేరు. నలభై రోజుల కిందట ఆయన పెట్టెను మోసుకెళ్తుంటే నా వెనక ఒకతను పక్కవాడితో అన్నాడు: "మెల్లగా దించండిరా, తడి తగిలితే కరిగిపోతాడు." చెడ్డ మనసుతో అనలేదు. ఏడుస్తూనే అన్నాడు. కానీ దిమ్యానా విన్నది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు.

అయ్యా, అమ్మా, ఆ పేరు పుట్టిన రోజు చర్చి రొట్టెల పిండిలో ఉప్పు వేసింది అబాదీర్ అన్న కాదు. నేను.

ఆగండి. మొత్తం చెప్పనివ్వండి. చెప్పడం అయ్యాక నన్ను మన రొట్టెల గది బేత్లెహేములో ఉంచుతారో, పొయ్యి దగ్గర్నుంచి పొమ్మంటారో మీ ఇష్టం. అన్నీ ఆలోచించుకునే లేచాను.

నేనెవరో పెద్దవాళ్లకు తెలుసు. చిన్నవాళ్లకూ తెలిసే ఉంటుంది, నా ముందు అనరు. అబాదీర్ అన్నకు ఒక తమ్ముడు ఉండేవాడు, ఫానూస్ అని. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు కాలవ నీళ్ల వంతు దగ్గర అతనికీ నాకూ మాట పెరిగింది. నా చేతిలో కర్ర ఉంది. ఒక్కటే దెబ్బ. చంపాలని కొట్టలేదు. కానీ ఫానూస్ చనిపోయాడు. ఇక ఎలా కొట్టానన్నది ఎవరికి కావాలి?

పన్నెండేళ్లు జైల్లో ఉన్నాను. ఆ పన్నెండేళ్లలో మా అమ్మ పోయింది. బయటికొచ్చాక మా వాళ్లు, "ఊరికి రావద్దు హబాషీ, అబాదీర్ నిన్ను వదలడు, అతను వదిలినా అతని పినతండ్రి కొడుకులు వదలరు" అన్నారు. ఎక్కడికి పోను? మన వైపు పద్ధతి మీకు తెలియనిది కాదు. చెప్పులు విప్పాను. తలపాగా తీసేశాను. నేను చస్తే నాకు చుట్టవలసిన కఫన్ బట్టను నా రెండు చేతుల మీదా పరుచుకున్నాను. పెద్దమనుషులు ముందు నడుస్తుంటే వాళ్ల వెనక అబాదీర్ అన్న గుమ్మం దాకా నడిచాను. ఆ దారి మీకు నూట యాభై అడుగులు. నాకు ఎంతో నేను చెప్పలేను.

ఆయన ఆ బట్ట తీసుకుంటే నేను బతికినట్టు. తీసుకోకపోతే చచ్చినట్టు. తీసుకున్నాక మనిషికి బదులుగా గొర్రెను కోస్తారు. మా మేనమామ ఒక మంచి గొర్రెను తాడు కట్టి పక్కనే పట్టుకుని ఉన్నాడు.

అబాదీర్ అన్న బయటికి వచ్చాడు. నా ముఖం చూడలేదు. బట్టను చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి దాన్ని నా చేతుల మీంచి తీసి మడతపెట్టాడు, ఇంట్లో దుప్పటి మడతపెట్టినట్టు, అంచుకు అంచు కలిపి. మా మేనమామ కత్తి తీశాడు. అప్పుడు అబాదీర్ అన్న అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"ఆ గొర్రె తాడు విప్పేయ్, మామా. మన కోసం కోయించుకున్న గొర్రెపిల్ల ఒకటుంది, ఆదివారం ఆదివారం చూస్తూనే ఉన్నాం. అది చాలకపోతే ఇదీ చాలదు."

పెద్దమనుషులు గొణిగారు. "పద్ధతి ప్రకారం రక్తం పడాలి కదా" అన్నారు. "పడింది" అన్నాడు. తలుపేసుకుని లోపలికి పోయాడు. గొర్రె వచ్చిన దారినే ఇంటికి పోయింది.

నా ప్రాణం దక్కింది. కానీ ఒక సంగతి చెప్పనా? క్షమించడం ఆయనకు కష్టమైంది. క్షమాపణ తీసుకోవడం నాకు అంతకంటే కష్టమైంది. నాలుగేళ్లు నేను చర్చిలో వెనక స్తంభం దగ్గరే నిలబడ్డాను. పీఠం రొట్టె సంస్కారం తీసుకోవడానికి ముందుకు పోలేదు. పాత అబూనా దగ్గర పాపం ఒప్పుకున్నాను. ఆయన నా తల మీద శిలువ పెట్టి, "పోయిందిరా నీ పాపం, ముందుకు రా" అనేవాడు. తల ఊపేవాణ్ణి, స్తంభం దగ్గరే ఉండేవాణ్ణి. దానికి బదులు ఏం చేశానో తెలుసా? తెల్లవారకముందే పోయి అబాదీర్ అన్న పొలం దున్నేవాణ్ణి. చెరుకుకు నీళ్లు కట్టేవాణ్ణి. ఎవరూ చూడరనుకునేవాణ్ణి.

ఒకరోజు ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు. "నేను నీకు క్షమాపణ ఊరికే ఇచ్చాను. నువ్వు దానికి కూలి చేస్తున్నావా? అంటే నేనిచ్చింది నీకు నచ్చలేదా?"

నేను పార గట్టు మీద పెట్టాను. ఆయనే మళ్లీ అడిగాడు. "జైల్లో ఏం పని చేసేవాడివి?"

"రొట్టెల పని, అన్నా. తొమ్మిదేళ్లు."

"అయితే నా పొలం వదిలేసి, రేపు బేత్లెహేముకు రా."

చర్చి వెనక బలిపీఠానికి రొట్టె కాల్చే ఆ చిన్న గదికి రమ్మన్నాడు. నన్ను. ఆయన ఆ గదిలో అప్పటికి ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నాడు. తన తమ్ముణ్ణి కొట్టిన చేతిని ఆ పిండిలో పెట్టమన్నాడు.

ఊరు ఒప్పుకుంటుందా? ఒప్పుకోలేదు. "రక్తం తాకిన చెయ్యి పీఠం రొట్టె పిసుకుతుందా, అబాదీర్? నీకు మతి ఉందా?" అన్నారు. ఆయన అందరి ఇళ్లకూ తిరిగాడు. చివరికి పెద్దలు ఒక షరతు పెట్టారు. "సరే. ఒక్క తప్పు. ఒక్కటి జరిగితే బయటికే. మళ్లీ అడగొద్దు." అలా అన్నవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

మూడు నెలలు బాగానే జరిగింది. ఆయన కీర్తనలు చదివేవాడు, నేను పిసికేవాణ్ణి. ఆయన ముద్ర వేసేవాడు, శిలువ చుట్టూ ప్రభువు గాయాల లెక్కన అయిదు పోట్లు పొడిచేవాడు. పొడిచే ప్రతిసారీ ఆయన ముఖం కాస్త నలిగేది, తనకే గుచ్చుకున్నట్టు.

పెద్ద ఉపవాసానికి ముందు ఆదివారం వచ్చింది. ముందురోజు చర్చి ఆవరణలో భోజనాలు పెట్టారు. వంటవాళ్లు మిగిలిన ఉప్పు సంచిని తెచ్చి బేత్లెహేము మూలన పెట్టి మరిచిపోయారు. ఆ గదిలో ఉప్పు ఎన్నడూ ఉండదు. పీఠం రొట్టెలో ఉప్పు వేయం. ఆ రొట్టెకు ఉప్పు ప్రభువే, ఇంకో ఉప్పెందుకని మన పెద్దలు నేర్పారు. నాకూ తెలుసు. కానీ తొమ్మిదేళ్లు రోజూ పిండిలో గుప్పెళ్లతో ఉప్పు వేసిన చెయ్యి ఇది. ఆ ఉదయం అబాదీర్ అన్న నీళ్లకు బయటికి వెళ్లాడు. నేను పిండి దగ్గర కూర్చున్నాను. పక్కన సంచి ఉంది. చెయ్యి వెళ్లింది, తీసింది, వేసింది. నాకు తెలియనే లేదు. నిజంగా తెలియలేదు.

ఉపవాసంతో ఉంటాం కాబట్టి రుచి చూడం. రొట్టెలు చక్కగా పొంగాయి. చర్చి నిండిపోయింది. అబాదీర్ అన్న రొట్టెల బుట్ట ఎత్తుకోబోతూ ఆగాడు. మూలన సంచి చూశాడు. సంచి అంచు మీద పిండి అంటిన అయిదు వేళ్ల గుర్తు. నావైపు చూశాడు. నేనూ ఆ గుర్తును అప్పుడే చూశాను. ఆయన బుట్ట ఎత్తుకుని వెళ్లాడు.

పాత అబూనా పీఠం ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు. మచ్చలేని రొట్టెను ఎంచి, దాన్ని గొర్రెపిల్ల అని చేతిలోకి తీసుకునే సమయం అది. ఆయన చెయ్యి చాపాడు. అబాదీర్ అన్న బుట్టను వెనక్కి లాగాడు.

"ఎంచకండి, అబూనా. ఇందులో ఉప్పు పడింది. తప్పు నాది."

ఆ తరువాత జరిగింది మీలో చాలామందికి గుర్తే. ఆయన పక్క ఊరి చర్చికి నడిచి వెళ్లి రొట్టెలు అడిగి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. పొద్దుట్నుంచి పస్తులున్న జనం. పిల్లల ఏడుపు. ఆయన చెమటలు కక్కుతూ బుట్టతో లోపలికి వస్తుంటే ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె అంది, "ఇంట్లో ములూఖియా కూరలో వేయాల్సింది ఇక్కడ పోశావా మామా? పాపం, ఇంటావిడ చప్పిడి కూర తిన్నదేమో." చర్చంతా నవ్వింది. ఆ నవ్వులోంచే ఆ పేరు పుట్టింది.

పెద్దలు ఆయన్ని పిలిచారు. "ముప్పై ఏళ్ల అనుభవమని నమ్మితే ఇదా?" అన్నారు. పెద్ద ఉపవాసం ముగిసేదాకా బేత్లెహేములో అడుగు పెట్టొద్దన్నారు. ఆయన సరే అన్నాడు. మరి రొట్టె ఎవరు కాల్చాలి? "హబాషీ ఉన్నాడుగా" అన్నారు. "ఇన్నాళ్లలో ఒక్క తప్పు చేయలేదు."

వింటున్నారా? తప్పు చేసిన నేను లోపల. చేయని ఆయన బయట.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి పరుగెత్తాను. "అన్నా, పోయి చెప్పేస్తాను" అన్నాను. చెప్పొద్దన్నాడు. "అబద్ధం ఎందుకాడావు?" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది.

"అబద్ధం ఎక్కడాడాను? నిన్ను లోపలికి తెచ్చింది నేను. నీ చెయ్యి నా చెయ్యే. నువ్వు చెప్తే ఏమవుతుంది? నిన్ను గెంటేస్తారు, నువ్వు మళ్లీ నా పొలం దున్నుతావు. నా చెరుకు మీద జాలి లేదా నీకు? నేను బతికున్నంతకాలం నోరు మెదపకు."

ఆ తరువాతి ఆదివారం ఒక్కణ్ణే రొట్టె కాల్చాను. బుట్ట అబూనాకు ఇచ్చి అలవాటుగా స్తంభం దగ్గరికి పోయాను. అక్కడ అబాదీర్ అన్న నిలబడి ఉన్నాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లతో, నా స్థలంలో. జనం సంస్కారానికి వరుస కట్టారు. నేను కదలలేదు. ఆయన మోచేత్తో నన్ను పొడిచాడు.

"నేనిక్కడ ఊరికే నిలబడ్డాననుకున్నావా? పో. నువ్వూ ఇక్కడే నిలబడితే నేను బయటికొచ్చి ఏం లాభం?"

వెళ్లాను. పదహారేళ్ల తరువాత వెళ్లాను. నా నోటికి ఆ రొట్టె అందింది. మనకు బదులు ఒకడు బయటికి నెట్టబడ్డాడని, మన శిక్ష ఆయన మీద పడిందని, అందుకే మనకు లోపల చోటు దొరికిందని అబూనా నాకు ఎన్నిసార్లు చెప్పలేదు? చెవితో విన్నాను. ఆ రోజు తల తిప్పి స్తంభం వైపు చూసి తెలుసుకున్నాను. నాకు చదువు తక్కువ. నాకు తెలిసిన వేదమంతా అదే.

ఉపవాసమయ్యాక ఆయన్ని మళ్లీ లోపలికి రానిచ్చారు. పేరు మాత్రం పోలేదు. ఆయన దాన్ని నవ్వుతూ మోశాడు. ఎవరైనా ఉప్పు మామా అని పిలిస్తే, నేను పక్కనుంటే, నన్ను నోరు తెరవనివ్వకుండా కాలు తొక్కేవాడు. చివరి రోజుల్లో మంచం దగ్గర కూర్చుని, "అన్నా, ఇక చెప్పనా?" అని అడిగాను. "నలభై రోజులు ఆగు" అన్నాడు. "చేదు కాఫీ తాగి అందరూ దిగులుగా ఉంటారు. అప్పుడు చెప్పు, కాస్త నవ్వుకుంటారు."

నవ్వుకోండి. ఆయనకదే కావాలి. నాకు మాత్రం కృతజ్ఞత తప్ప ఇంకేమీ రావడం లేదు. అలాంటి మనిషి పక్కన పిండి పిసికాను. దేవుడు నాకు ఇంకేం బాకీ లేడు.

దిమ్యానా తల్లీ, మీ నాన్న పేరు అబాదీర్. అంతే. ముందు ఇంకే మాటా లేదు. ముప్పై ఒక్క ఏళ్లు నిన్ను ఉప్పు అబాదీర్ కూతురని పిలుస్తుంటే విని ఊరుకున్నాను. నన్ను క్షమించు. ఇవాళే అక్కర్లేదు. నీకు వీలైనప్పుడు.

పెద్దలారా, ఒక్క తప్పు జరిగితే బయటికని మీ నాన్నలు పెట్టిన షరతు అలాగే ఉంది. తీర్పు చెప్పండి. ఏది చెప్పినా వింటాను.

అంతకుముందు అందరూ లేచి నిలబడండి. నా పక్కన నిలబడటం ఎవరికైనా కష్టమైతే అటు జరిగి నిలబడండి, నేనేమీ అనుకోను. కానీ లేవండి, ఆయన కోసం. కాసేపు ఎవ్వరం ఏమీ అనొద్దు. ఆ తరువాత అనాల్సింది అనండి. నేను ఇక్కడే ఉంటాను.