సిట్టెమ్మ ఒంతు

కదలకే. కదిలితే మూట జారిపోతాది. ఉప్పు ఏడిగా ఉన్నప్పుడే కాపడం పట్టాల, సల్లారిపోయేక ఏటి లాభం? మోకాలు సూడు, ఎలా పొంగిపోయినాదో. డాక్టరు దగ్గిరికి ఎల్లవే అంటే ఎల్లవు. ఎల్లినా ఆడేటి సెప్తాడు, నిలబడే పని సెయ్యొద్దంతాడు. కూకొని సేసే పని ఈ గాజువాకలో ఎవులిస్తన్నారు ఇప్పుడు?

ఆఁ, ఆఫీసు కాడి నుండే వస్తన్నాను. తేలిపోయినాదే. సెప్తాను, ఊపిరి తీసుకోనీ. పొద్దున్నెల్తే మద్దినేళ దాకా బయట కూకోబెట్టినారు. కూకోడానికి బల్ల కూడా నేదు. పోతమ్మని నా పేరు, సిట్టెమ్మని నీ పేరు, ఈ రెంటిలో ఒకటి తీసెస్తారని రాత్రి సెప్పినాను కదా. తీసీసినారు.

ఏ పేరంటావా? ఉండవే. మొదట్నుండి సెప్పనీ. నేకపోతే నాకే తిన్నగా అర్దమవ్వదు.

మనది గొడౌను బుద్ది. అదే కొంప ముంచినాది. పోర్టు కాడ ఎరువు సంచులు కుట్టినన్నాళ్ళూ మనల్ని ఎవులైనా హాజరడిగినారా? గురువులు మేస్త్రీ సాయంత్రం ఒచ్చి, సంచులన్నీ కుట్టినారా నేదా అని సూసేవోడు. ఎవులొచ్చినారు, ఎవులు రానేదు, ఆడికక్కర్నేదు. జొరమొచ్చినదాని సంచులు మిగిలినోలం కుట్టీసేవోలం. కూలి పంచినప్పుడు మాత్రం గేటుకి అడ్డంగా నిలబడిపోయేవోడు. "రానిదాని ఒంతు తీసినారేటే?" అని అడక్కుండా ఒక్కద్దాన్ని కదలనిచ్చేవోడు కాదు. నువ్వు పిల్లదాన్ని కని మంచం మీదున్నప్పుడు నీ ఒంతు కొంగున కట్టుకొని తెచ్చినది నానే కదేటి. అప్పుడది గొప్పని ఎవులూ అనుకోనేదు. అలాగే సెయ్యాలనుకున్నాం, సేసినాం.

ఆ గొడౌనే తాళం పడిపోయినాది. మాంద్యమంట. టీవీలో రోజూ అదే మాట. ఓడలు రావు, సంచులు రావు. నీ మొగుడు చలమయ్య పని ఎతుక్కుంతానని పారాదీప్ ఎల్లినోడు ఎల్లినట్టే ఉన్నాడు, ఫోనైనా ఎత్తడు. నా కొడుకు సుమంత్‌ని ప్లాంటులో కాంట్రాక్టోడు తీసీసినాడు. ఆడు గోడకేసి తిరిగి తొంగుంతాడు. లేపితే లేస్తాడు, పెడితే తింతాడు. ఏటిరా అంటే ఏటీ నేదంతాడు.

అప్పుడు కదా గవర్నమెంటోలు ఈ ఊరట పని ఎట్టినారు. పని పోయినోలకి పని. ఇంటికొకరు. మనయ్యి ఏరేరు ఇళ్ళు కాబట్టి అప్పాసెల్లెళ్ళిద్దరికీ దొరికినాది. ఎంత సంబరపడ్డామే!

ముందు ట్రైనింగని ద్వారకా నగర్ తీసికెల్లినారు, గుర్తుందా? మేడ మీద ఏసీ గది. కేకు మీద క్రీముతో పువ్వులెయ్యడం నేర్పినారు. మనల్ని బేకరీలోలు పన్లోకి ఎట్టుకుంతారంట. ఉన్న బేకరీలే మూసుకుంతన్నారు, కొత్తగా మనల్నెవులు ఎట్టుకుంతారు? నువ్వు గులాబీ ఎయ్యబోతే కాలీఫ్లవరొచ్చినాది. మాస్టరు కూడా నవ్వీసినాడు. నవ్వవేటే? ఆ రోజు నవ్వి నవ్వి కేకు మీద పడిపోయినావు.

కేకులయ్యేక మన సేతికి పారలిచ్చి కూర్మన్నపాలెం కాలవలోకి దింపినారు. అది మనకి ఒచ్చిన పనే. మట్టి తియ్యడం, గట్టునెయ్యడం. ఒచ్చిన సిక్కల్లా ఆ ఫోనుతోనే. దొంగ హాజర్లు ఉండకూడదని కొత్త పద్దతి తెచ్చినారు కదా. పేరు నొక్కాల, ఫోనుకి మొహం సూపించాల, రెప్ప ఆర్పమంటే ఆర్పాల. పచ్చగా ఎలిగితే పన్లో ఉన్నట్టు. నేకపోతే సాయంత్రం దాకా తవ్వినా రానట్టే.

నీ మోకాలు పొంగిన రోజు నానేటి సేసినాను? గొడౌన్లో సేసినట్టే సేసినాను. "సిట్టెమ్మ ఒంతు మేం తవ్వెస్తాం అమ్మా" అన్నాను సూపర్‌వైజరమ్మతో. అదే, సత్యశ్రీ. "వంతులేంటండీ, మనిషి రావాలి కదా" అన్నాది. పిల్ల మంచిదే. ఫోను మన ఆడోళ్ళ సేతికిచ్చి టీ తాగడానికి ఎల్లినాది. నాను నా ఫోన్లో ఉన్న నీ ఫొటో తీసి దానికి సూపించినాను. రెప్ప ఆర్పమన్నాది. ఫొటో రెప్ప ఆర్పుతాదేటే?

అప్పుడు నా మొహం ఎట్టినాను. నీ పేరు మీద నా మొహం. రెప్ప ఆర్పినాను. పచ్చగా ఎలిగిపోయినాది. మనిద్దరం అమ్మ పోలికే కదా మరి. పక్కనోలు సప్పట్లు కొట్టినారు. నీ ఒంతు కాలవ అందరం కలిసి తవ్వీసినాం, అడుగు మట్టి కూడా వదల్నేదు. దొంగతనమని ఎవులికి తోస్తాదే? పని అయ్యిందా నేదా, అది కదా సూడాల?

ఆ మిషను అది సూడ్నేదు. ఒకే ఆడది రెండు పేర్లతో కూలి తింతంది అని పైకి సెప్పీసినాది.

ఆఫీసులో శ్రీరామ్మూర్తి గారని, పెద్దాయన. కేకలెయ్యనేదు. మంచినీళ్ళిప్పించినాడు. "ఈ చిట్టెమ్మ అనే మనిషి వేరే ఉందా అమ్మా?" అనడిగినాడు. ఉంది బాబూ, నా సెల్లే అందామని నోరు తెరిసినాను. సెయ్యి అడ్డం ఎట్టీసినాడు. "ఆలోచించుకుని చెప్పండి. ఉందంటే ఒకరి బదులు ఇంకొకరు మొహం చూపించినట్టు. ఇద్దర్నీ తీసెయ్యాలి, అది రూలు. లేదంటే మీ ఒక్కరి పేరే పొరపాటున రెండుసార్లు ఎక్కిందని నేను సరిచేస్తాను. ఒకటి పోతుంది, ఒకటి ఉంటుంది."

మేలు సేద్దామనే అన్నాడే. ఆయన్నేటంతాం?

సత్యశ్రీ గుమ్మం కాడే నిలబడున్నాది. నిన్నెరుగుదు కదా, నీ సేత్తో సేసిన గారెలు తిన్నాది కూడాను. తల దించుకున్నాది. ఆ పిల్లదీ ఉద్యోగమే.

నాకు సెల్లి నేదు బాబూ అన్నాను.

అలా సూడకే. నేకపోతే ఇద్దరిదీ పోయేది. ఆ మాటకి నన్ను నువ్వు తిట్టినా నాను పడను. అక్కడికొచ్చేసరికి ఎవులైనా ఆ మాటే అంతారు.

తరవాతదే. పెన్ను తీసి, "సరే, ఏ పేరు ఉంచమంటారు?" అన్నాడు.

ఏది సెప్పినా సెల్లిపోయేది సిట్టెమ్మా. ఆ మిషనుకి నీ మొహమైనా నా మొహమైనా ఒకటే కదా. సిట్టెమ్మ అని ఉంటే, కాలు తగ్గేక నువ్వెల్లి తవ్వుకునేదానివి. నీ ఇంట్లో రెక్కాడించే మనిషి ఇంకోలు నేరని నాకు తెలీదా? నా కొడుకు లేస్తే ఎప్పుడైనా లేస్తాడు. ఆటోలో కూకొని అదే అనుకుంతా ఎల్లినానే. నా పేరు తీసీమంతాను, నీది ఉంచమంతాను అని. ఒట్టు.

పోతమ్మ అన్నాను.

ఎందుకన్నావని అడక్కు. సుమంత్ కోసమంటే అబద్ధం, ఆడు గుర్తుకే రానేదు. ఎవులూ గుర్తుకు రానేదు. రోడ్డు మీద ఎవులో నీ పేరేటని అడిగితే సెప్పినట్టు సెప్పీసినాను.

బయటికొచ్చి ఏడుద్దామని గోడవార కూకున్నాను. ఏడుపు రానేదు. ఆకలేసినాది. బండి కాడ ఇడ్లీ తిన్నాను. చట్నీ మళ్ళీ ఏయించుకున్నాను. బాగుంది కూడానే.

నీ ఇంటికొస్తా ఇంకో మాట అనుకున్నాను. నా కూలిలోంచి నీ ఒంతు తీసి తెచ్చిస్తానే అని సెప్దామని. గుమ్మం దాకా ఆ మాట పట్టుకునే ఒచ్చినాను. నీ కాలు సూసినాను, ఉప్పు ఏయించి మూట కట్టినాను, ఇంతసేపూ అన్నీ సెప్పినాను, అదొక్కటీ నోట్లోంచి రావట్నేదు. గురువులు మేస్త్రీ గేటు కాడ అడ్డంగా ఉన్నన్నాళ్ళూ తీసినాను. ఇప్పుడెవులున్నారు? తీస్తానని సెప్పి నిన్ను గుమ్మంలో ఎదురుసూస్తా కూకోబెట్టడమెందుకు?

తియ్యనే. నాకు తెలుస్తంది. తియ్యను.

ఏటైనా అనవే. పోనీ తిట్టు.

కాలెందుకు లాక్కుంతావు? ఇటియ్యి. ఉప్పు ఇంకా ఏడిగానే ఉంది.