కిటికీకి తగిలించిన ఛాతీ ఫిల్ము

సభను నడిపిస్తున్న ప్రధానోపాధ్యాయురాలు గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన మా పూర్వ విద్యార్థిని, ఎక్స్‌రే డాక్టరు గారికి, పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, వెనక బెంచీల్లో అప్పుడే ఆవలిస్తున్న పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

పదవీ విరమణకని రాసుకొచ్చిన ప్రసంగం జేబులోనే ఉంది. కానీ దాని బదులు అరగంట క్రితం స్టాఫ్ రూములో జరిగిందే చెబుతాను, మన్నించండి.

నేను భౌతికశాస్త్రాన్ని ఆసుపత్రి దారిలో చెప్పానని మీకు తెలుసు. పీడనం పాఠానికి బీపీ పట్టీ చుట్టాను, ధ్వని పాఠానికి స్టెతస్కోపు తెచ్చి పిల్లలందరి గుండెలూ వినిపించాను, నాది తప్ప. ఎక్స్‌కిరణాల పాఠానికి ఉద్యోగంలో చేరేటప్పుడు తీయించుకున్న నా ఛాతీ ఫిల్మునే, ఎవరిదో చెప్పకుండా, గుండె పుస్తకంలో బొమ్మలాగే మనిషికి ఎడమవైపు కనబడేలా కిటికీ అద్దానికి తగిలించాను. అలా పెడితే ఎడమకు గుర్తుగా ఉండే ఎల్ అక్షరం అద్దంలోలా తిరగబడి కనిపించేది. అది తీసినవాడి నిర్లక్ష్యమని, ముఖమైనా తెలియని ఆ మనిషిని ఇరవై ఎనిమిదేళ్లు ఏటా పిల్లల ముందు తిట్టిపోశాను.

ఒక ఏడాది మూడో బెంచీలో ఒకమ్మాయి లేచి, "సార్, అక్షరం సరిగానే ఉందేమో, మనమే ఫిల్ము తిప్పి పెట్టామేమో" అంది. అప్పుడు గుండె కుడివైపుకి పోతుంది కదమ్మా, నీకుందా అక్కడ, అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ ఏడాది మళ్లీ నన్నేమీ అడగలేదు.

ఆ అమ్మాయే ఈ ముఖ్య అతిథి. (చప్పట్లు) ఆగండి, అప్పుడే కొట్టకండి.

ఇవాళ స్టాఫ్ రూములో ఆవిడ అదే ఫిల్మును వెలుతురుకి ఎత్తి, తిప్పి, చాలాసేపు చూసి, ఇది ఎవరిది సార్, అని అడిగారు. నాదేనన్నాను. వెంటనే స్టెతస్కోపు నా చెవులకే తగిలించి, ముందు నా ఎడమ పక్కన, తరవాత కుడి పక్కన పెట్టారు. కుడి పక్కనే గట్టిగా కొట్టుకుంటోంది. ఇంత వయసొచ్చి, నా గుండె ఎక్కడుందో నాకే తెలియదు.

భయం లేదట, కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుందట. మా ఆవిడ, అదిగో మొదటి వరసలో ఉంది, చెబితే కనీసం ఉలిక్కిపడలేదు. "అది నాకెప్పుడో తెలుసు. మగాళ్లందరికీ అటే ఉంటుందనుకున్నాను" అంది. (నవ్వులు)

నన్ను కుదిపేసింది మాత్రం గుండె కాదు. కంటికి కనబడిందే రాయండి, పుస్తకం చూసి దిద్దకండి అని మీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరినవాణ్ణి, పుస్తకానికి సరిపోవాలని నా ఫిల్మునే తిప్పేశాను. సరిగ్గా చూసిన పిల్లని నవ్వులపాలు చేశాను. ఈ చదువే ఎందుకు ఎంచుకున్నావమ్మా అని ఇందాక అడిగితే, "ఆ ఫిల్ము ఎటు పెట్టాలో తేల్చుకుందామని, సార్" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మా, తప్పు నాది. ఆ ఫిల్ము తీసిన ఆయన ఎక్కడున్నారో, ఆయనా నన్ను క్షమించాలి.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫిల్మును బడికే వదిలి వెళుతున్నాను. అమ్మా, ఒకసారి లేచి రా. ఆ కిటికీకి నువ్వే తగిలించు. పిల్లలూ, ఈసారి ఎవరూ నవ్వకండి.

ఇక నాకు సెలవు.